ఇంటి వైఫై భద్రత

ఇంటి వైఫైని బయటివాళ్లు అనుమతి లేకుండా వాడుకోకుండా, అందులో సాగే సమాచారాన్ని చదవకుండా, ఆ కనెక్షన్ మాటున నేరాలు చేయకుండా చూసుకునే ఏర్పాట్లన్నిటినీ కలిపి ఇంటి వైఫై భద్రత అంటారు. రౌటర్‌కూ ఫోన్‌కూ మధ్య గాలిలో నడిచే సంకేతాలకు రక్షణ ఒకటి, రౌటర్ అనే యంత్రానికి రక్షణ రెండోది, పాస్‌వర్డ్ చేతులు మారే తీరు మీద అదుపు మూడోది. మొదటిదాని మీద ఇంజనీర్లూ గణితజ్ఞులూ పాతికేళ్లు కుస్తీ పట్టారు. అది ఇప్పుడు చాలావరకు గట్టిగానే ఉంది. మూడోది మాత్రం ఇంటివాళ్ల చేతుల్లో ఉంది. ఎక్కువ ఇళ్లలో కన్నం పడేది అక్కడే.

గోడ దాటే సంకేతం

తీగ కనెక్షన్‌ను దొంగతనంగా వాడాలంటే ఎవరో ఒకరు ఇంట్లోకి వచ్చి తీగ తగిలించాలి. వైఫైకి ఆ శ్రమ లేదు, అది రేడియో. 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం ఇటుక గోడలు దాటి వీధిలోకి, పై అంతస్తులోకి, పక్క ఫ్లాటులోకి వెళ్తుంది. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువే గాని గోడల దగ్గర త్వరగా నీరసిస్తుంది. ఫోన్‌లో సిగ్నల్ గీతలు మాయమైనంత మాత్రాన సంకేతం అక్కడితో ఆగిపోయినట్టు కాదు. ఒకే దిక్కుకు గురిపెట్టే యాంటెన్నా ఉన్నవాళ్లకు అది ఇంకా చాలా దూరం అందుతుంది. 2007లో వెనిజులాలో ఎర్మన్నో పియెత్రొసెమోలి బృందం అలాంటి యాంటెన్నాలతో రెండు కొండల మధ్య 382 కిలోమీటర్ల దూరం వైఫై కలిపి చూపింది. వీధి మలుపులో ఆపిన కారు ఏపాటి దూరం!

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును ఇంటా బయటా లైసెన్సు లేకుండా వాడుకోవడానికి భారత ప్రభుత్వం 2005 జనవరిలో అనుమతించింది. బ్రాడ్‌బ్యాండ్ మోడెముతో పాటే వైఫై ఇళ్లలోకి వచ్చింది. అప్పట్లో చాలా మోడెములు పాస్‌వర్డ్ లేకుండానే పనిచేసేవి. కనెక్షన్ ఇచ్చేవాళ్లు పెట్టెను ఇంట్లో పెట్టి, లైట్లు వెలిగాయా లేదా అని చూసి వెళ్లిపోయేవారు. అందులో ప్రమాదం ఏముందో దేశానికి తెలిసింది 2008లో.

ఆ ఏడాది జూలై 26న అహ్మదాబాదులో వరుస బాంబు పేలుళ్లు జరిగి యాభై మందికి పైగా చనిపోయారు. పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు, బాధ్యత తమదేనంటూ ఒక ఉగ్రవాద సంస్థ పేరుతో మీడియా సంస్థలకు ఈమెయిల్ అందింది. అది ఏ ఐపీ అడ్రస్ (నెట్ కనెక్షన్ గుర్తింపు సంఖ్య) నుంచి వచ్చిందో పోలీసులు వెతుక్కుంటూ పోతే నవీ ముంబయిలోని ఒక అపార్ట్‌మెంటులో తేలింది. అందులో అద్దెకుంటున్నది ఒక అమెరికా పౌరుడు. ఆయనకు పేలుళ్లతో సంబంధం లేదు. రక్షణ లేని ఆయన వైఫైని మరెవరో వాడుకుని ఈమెయిల్ పంపారు. ఆగస్టులో వచ్చిన మరో ఈమెయిల్ ముంబయిలోని ఒక కళాశాల వైఫై నుంచి, సెప్టెంబరు 13న ఢిల్లీ పేలుళ్ల సమయంలో వచ్చినది చెంబూరులోని ఒక ప్రైవేటు కార్యాలయం వైఫై నుంచి వెళ్లినట్టు దర్యాప్తులో బయటపడింది. 2009 మొదట్లో ముంబయి పోలీసులు వీధుల్లో తిరిగి, పాస్‌వర్డ్ లేని వైఫైలు ఎక్కడున్నాయో చూసి యజమానులను హెచ్చరించడం మొదలుపెట్టారు. అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్ర టెలికాం శాఖ వైఫై సేవల భద్రతపై ఇంటర్నెట్ సంస్థలకు ఆదేశాలిచ్చింది.

పక్కింటివాడు మన డేటా తాగేస్తున్నాడన్న బాధ దీని ముందు చాలా చిన్నది. ఐపీ అడ్రస్ ఎవరి పేరున ఉంటే పోలీసులు ముందు వాళ్ల తలుపే తడతారు. నేను కాదని నిరూపించుకునే పని ఆ తర్వాత మొదలవుతుంది.

ఎన్‌క్రిప్షన్: వెప్ నుంచి డబ్ల్యూపీఏ3 దాకా

గాలిలో పోయే సమాచారాన్ని, తాళపు సంఖ్య తెలియనివాళ్లకు అర్థం కాకుండా మార్చి పంపడాన్ని ఎన్‌క్రిప్షన్ అంటారు. వైఫై ప్రమాణం 802.11 పేరుతో 1997లో వచ్చినప్పుడే వెప్ అనే పద్ధతి దానితో వచ్చింది. ఇది రొనాల్డ్ రివెస్ట్ 1987లో తయారుచేసిన ఆర్‌సీ4 విధానం మీద నడిచేది. ప్రతి ప్యాకెట్టుకూ, అంటే గాలిలో పోయే ప్రతి సమాచారపు ముక్కకూ, తాళపు సంఖ్య మారినట్టు ఉండడానికి దాని ముందు 24 బిట్ల అంకెను చేర్చేవారు. ఆ అంకెకు సాధ్యమైన విలువలు 1,67,77,216 మాత్రమే. చూడ్డానికి పెద్దగానే ఉన్నా, రద్దీగా ఉన్న వైఫైలో కొన్ని గంటల్లో ఇవన్నీ అయిపోయి పాతవే మళ్లీ వస్తాయి. అలా మళ్లీ వచ్చినవాటిని పోల్చి చూస్తే గుట్టు బయటపడుతుంది.

2001లో స్కాట్ ఫ్లూరర్, ఇట్సిక్ మాంటిన్, ఆది షామిర్ ఇంకో లోతైన లోపం పట్టుకున్నారు. ఆర్‌సీ4లో మొదటి బైట్లు అసలు తాళపు సంఖ్య గురించి కొంచెం కొంచెంగా సమాచారం జార్చేస్తాయి. ప్యాకెట్లు తగినన్ని పోగుచేస్తే అసలు సంఖ్యనే రాబట్టవచ్చు. 2005లో అమెరికా ఎఫ్‌బీఐ అధికారులు ఒక సభలో అందరూ చూస్తుండగానే మూడు నిమిషాల్లో వెప్‌ను ఛేదించారు. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు ఆ సమయాన్ని నిమిషం లోపుకు తెచ్చారు. పాత రౌటర్ సెట్టింగ్స్‌లో ఇప్పటికీ వెప్ కనిపిస్తే దాన్ని ఎంచుకోవడం, అసలు పాస్‌వర్డ్ పెట్టకపోవడం రెండూ ఇంచుమించు ఒకటే.

ఆపద్ధర్మంగా 2003లో డబ్ల్యూపీఏ వచ్చింది. పాత పరికరాలు పారేయకుండా సాఫ్ట్‌వేరు మార్పుతోనే పనిచేయాలన్న షరతు మీద తయారైంది కాబట్టి దాని కింద ఆర్‌సీ4 అలాగే ఉండిపోయింది. 2004లో ఏఈఎస్ విధానంతో డబ్ల్యూపీఏ2 వచ్చింది. 2006 మార్చి నుంచి వైఫై ముద్ర కోరే ప్రతి కొత్త పరికరానికీ అది తప్పనిసరి అయింది. ఏఈఎస్‌ను నేరుగా బద్దలు కొట్టే మార్గం ఇప్పటికీ ఎవరూ కనిపెట్టలేదు. 2017 అక్టోబరులో బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథీ వాన్‌హోఫ్, ఫ్రాంక్ పీసెన్స్ ‘క్రాక్’ అనే లోపాన్ని బయటపెట్టినప్పుడు ప్రపంచమంతా గాభరా పడింది. అది కూడా పాస్‌వర్డ్‌ను బయటపెట్టేది కాదు. పరికరాలకు అప్‌డేట్లు వచ్చి ఆ దారి మూసుకుంది. అప్‌డేట్ రాని పాత ఫోన్లలో మాత్రం తెరిచే ఉంది.

కాబట్టి డబ్ల్యూపీఏ2 ఉన్న ఇంట్లోకి చొరబడాలనుకునేవాళ్లు ఎన్‌క్రిప్షన్ జోలికి పోరు. వాళ్ల గురి పాస్‌వర్డ్ మీద.

ఫోన్ నంబరే పాస్‌వర్డ్ అయితే

ఫోన్ వైఫైలో చేరేటప్పుడు రౌటర్‌తో నాలుగు సందేశాలు మార్చుకుంటుంది. పాస్‌వర్డ్ వాటిలో ఉండదు. కానీ పాస్‌వర్డ్ తెలిస్తేనే వచ్చే ఒక లెక్క ఫలితం ఉంటుంది. బయట కూర్చున్నవాళ్లు ఈ నాలుగు సందేశాలను రికార్డు చేసుకుంటే చాలు. ఎవరో ఒకరు చేరేదాకా ఆగక్కర్లేదు కూడా. డబ్ల్యూపీఏ2లో మామూలుగా ‘నువ్వు బయటికి పో’ అని రౌటర్ ఫోన్‌కు చెప్పే సందేశానికి రక్షణ లేదు. ఆ సందేశాన్ని రౌటర్ పేరుతో వాళ్లే పంపితే ఇంట్లో ఫోన్ ఒక్క క్షణం తెగిపోయి, తనంతట తానే మళ్లీ చేరుతుంది. వీడియో ఒకసారి ఆగి మళ్లీ ఆడుతుంది, నెట్ సరిగ్గా లేదని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. పని మాత్రం అయిపోయింది. 2018లో పాస్‌వర్డులు ఊహించి పరీక్షించే హ్యాష్‌క్యాట్ సాఫ్ట్‌వేరు రూపకర్త యెన్స్ స్టోయిబె, చాలా రౌటర్ల దగ్గర ఫోన్ ప్రసక్తి లేకుండా రౌటర్‌నే అడిగి ఇలాంటి ఫలితాన్ని రాబట్టవచ్చని చూపించాడు.

ఆ తర్వాత పనంతా చొరబాటుదారు సొంత కంప్యూటర్లోనే. ఒక్కొక్క పాస్‌వర్డ్‌ను ఊహించి, వైఫై పేరుతో కలిపి, 4096 సార్లు లెక్క కట్టి, రికార్డు చేసినదానితో పోల్చుకుంటూ పోతుంది యంత్రం. 4096 సార్లు అన్నది కావాలని పెట్టిన అడ్డంకే. అయినా వీడియో గేములు ఆడేవాళ్లు కొనుక్కునే ఖరీదైన గ్రాఫిక్ కార్డు ఒకటి సెకనుకు ఇరవై లక్షలకు పైగా పాస్‌వర్డులను ఇలా పరీక్షించగలదు. రౌటర్‌కు ఈ సంగతే తెలియదు. మూడుసార్లు తప్పు కొడితే లాక్ అయ్యే ఏర్పాటు ఇక్కడ పనిచేయదు.

ఇప్పుడు తెలుగు ఇళ్లలో వైఫై పాస్‌వర్డులు ఎలా పుడతాయో చూడాలి. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రవాడు పెట్టె బిగించి, తన ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, “పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు సార్?” అని అడుగుతాడు. అవతలి మనిషి తడుముకునేలోగా “ఫోన్ నంబర్ పెట్టేయనా, గుర్తుంటుంది” అని తనే దారి చూపిస్తాడు. నంబరు పది అంకెలు కాబట్టి కనీసం ఎనిమిది అక్షరాలు ఉండాలన్న నిబంధన దాటిపోతుంది. అందరికీ సుఖం.

మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి. మిగిలిన తొమ్మిది అంకెలూ ఏవైనా కావచ్చనుకున్నా మొత్తం 400 కోట్లు. సెకనుకు ఇరవై లక్షల చొప్పున అన్నీ పరీక్షించడానికి పట్టేది రెండు వేల సెకన్లు, అంటే అరగంట పైచిలుకు. అసలు అంత కష్టం కూడా అక్కర్లేదు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ ఉండనే ఉన్నాయి. పుట్టినరోజు ఎనిమిది అంకెల్లో పెడితే ఇంకా అన్యాయం. వందేళ్ల తేదీలన్నీ కలిపినా 36,525. రెప్ప వేసేలోపు అయిపోతుంది. పేరు చివర @123 తగిలించడం అన్ని జాబితాల్లోనూ మొదటి పేజీలోనే ఉంటుంది.

ఇది ఊహాగానం కాదు. 2021లో సైబర్‌ఆర్క్ సంస్థ పరిశోధకుడొకరు ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ వీధుల్లో తిరిగి 5,000 వైఫైల నుంచి ఇలాంటి ఫలితాలు సేకరించి ప్రయత్నిస్తే వాటిలో 70 శాతానికి పైగా పాస్‌వర్డులు దొరికిపోయాయి. వాటిలో రెండు వేలకు పైగా కేవలం మొబైల్ నంబర్లే. అక్కడి నంబర్లలో మొదటి రెండంకెలూ అందరివీ ఒకటే కాబట్టి పని ఇంకా తేలికైంది. ఫోన్ నంబరు పెట్టుకునే అలవాటు మన ఒక్కరిదే కాదన్నమాట.

ఏది గట్టి పాస్‌వర్డ్ అన్నదానికి అదే కొలత పనికొస్తుంది. ఇంగ్లీషు చిన్న అక్షరాలు ఎనిమిదింటిని ఏ అర్థమూ లేకుండా కలిపి పెడితే ఆ ఒక్క కార్డుకు దాదాపు 29 గంటల పని. పన్నెండు పెడితే సుమారు 1,500 ఏళ్లు. అక్షరం మార్చి అంకె పెట్టడం, మధ్యలో గుర్తులు దూర్చడం లాంటి తిప్పలు పడేకంటే పొడవు పెంచడమే మేలు. గుర్తుపెట్టుకోవడం కష్టమనుకుంటే మాటలు వాడవచ్చు. ఏ రెండు వేల మామూలు మాటల జాబితా నుంచో కళ్లు మూసుకుని ఐదు మాటలు ఏరితే అన్ని రకాలూ పరీక్షించడానికి ఐదు వందల ఏళ్లు పడుతుంది. నాలుగే ఏరితే మూడు నెలలు. తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవచ్చు. దీర్ఘాలు ఎలా రాశామో ఒకచోట రాసిపెట్టుకోవాలి, లేకపోతే ఇంటికొచ్చిన అల్లుడికి చెప్పేటప్పుడు నాలుగు రకాలుగా చెప్పి నవ్వులపాలవుతాం. ఏరడం మాత్రం లాటరీగానే జరగాలి. మనసుకు తోచిన సినిమా పేరు, హీరో డైలాగు, కులదైవం పేరు, స్తోత్రంలో పాదం ఇవేవీ ఏరుకున్నవి కావు. 2009లో రాక్‌యూ అనే వెబ్‌సైటు నుంచి మూడు కోట్లకు పైగా పాస్‌వర్డులు బయటపడ్డాయి. మనుషుల మనసుకు ఏవి తోస్తాయో చొరబాటుదారులు నేర్చుకున్నది అలాంటి జాబితాల నుంచే.

పెట్టె అడుగున అచ్చు వేసి వచ్చే పాస్‌వర్డు గజిబిజిగా ఉంటుంది కాబట్టి గట్టిదని అనుకోవడానికి లేదు. 2008లో థామ్సన్ స్పీడ్‌టచ్ రౌటర్ల అడుగున ఉండే పాస్‌వర్డును, గాలిలో కనిపించే వైఫై పేరు నుంచే లెక్క కట్టవచ్చని బయటపడింది. రెండూ ఒకే సీరియల్ నంబరు నుంచి తయారయ్యేవి. వైఫై పేరును కూడా కంపెనీ పెట్టినట్టు వదిలేయకూడదు. పాస్‌వర్డు లెక్కలో పేరు కూడా కలుస్తుంది గనక, బాగా వాడుకలో ఉన్న పేర్లకు ముందుగానే లెక్కలు కట్టి పట్టికలు సిద్ధం చేసుకున్నవాళ్లున్నారు. అలాగని ఇంటిపేరు, ఫ్లాటు నంబరు పెట్టి ఎవరి వైఫై ఏదో చాటాల్సిన పనీ లేదు.

డబ్ల్యూపీఎస్ అనే పెరటి దారి

ఎంత పొడవు పాస్‌వర్డు పెట్టినా, డబ్ల్యూపీఎస్ తెరిచి ఉంటే దండగే. పాస్‌వర్డు కొట్టే బాధ లేకుండా బటన్ నొక్కి గాని, ఎనిమిదంకెల పిన్ కొట్టి గాని పరికరాలు కలుపుకోవడానికి 2007లో వచ్చిన సదుపాయం ఇది. ఎనిమిదంకెలంటే పది కోట్ల అవకాశాలు ఉండాలి. చివరి అంకె ముందు ఏడింటిని సరిచూసుకునేది మాత్రమే కాబట్టి కోటి మిగిలాయి. అక్కడితో ఆగినా బాగుండేది. పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా పరీక్షించి, మొదటి నాలుగంకెలు సరిపోయాయో లేదో ముందే చెప్పేస్తుంది. దాంతో మొదటి ముక్కకు 10,000, రెండోదానికి 1,000, మొత్తం 11,000 ప్రయత్నాలు చాలు. 2011 డిసెంబరులో ఆస్ట్రియా పరిశోధకుడు స్టెఫాన్ ఫీబాక్ ఈ సంగతి ప్రకటించాడు. కొన్ని గంటల్లో పిన్, దాంతోపాటే అసలు పాస్‌వర్డు చేతికొచ్చేస్తాయి. 2014లో మరో పరిశోధకుడు, కొన్ని చిప్పులు యాదృచ్ఛిక సంఖ్యలను సరిగ్గా తయారుచేయకపోవడం వల్ల అదే పని క్షణాల్లో అవుతుందని చూపాడు. సెట్టింగ్స్‌లో డబ్ల్యూపీఎస్ ఆపేయడం ఒక్క నిమిషం పని. ఆపడానికి వీలివ్వని పెట్టెను మార్చేయడమే మంచిది.

డబ్ల్యూపీఏ3

2018 జూన్‌లో వచ్చిన డబ్ల్యూపీఏ3 అసలు జబ్బుకే మందు వేసింది. ఇందులో రికార్డు చేసుకుని ఇంటికెళ్లి తీరిగ్గా ఊహించడం కుదరదు. ప్రతి ఊహకూ రౌటర్‌తో ఒకసారి మాట్లాడాల్సిందే. అరగంటలో 400 కోట్లు అన్న లెక్క ఇక్కడ చెల్లదు. ఫోన్‌ను తెంపేసే దొంగ సందేశాలకు కూడా రక్షణ తప్పనిసరి చేశారు. 2019లో వాన్‌హోఫ్, ఇయాల్ రోనెన్ దీనిలోనూ ‘డ్రాగన్‌బ్లడ్’ పేరుతో లోపాలు చూపారు, వాటికి సవరణలు వచ్చాయి. 2020 జూలై నుంచి వైఫై ముద్ర కోరే కొత్త పరికరాలకు డబ్ల్యూపీఏ3 తప్పనిసరి.

చిక్కంతా పాత పరికరాలతోనే. పదేళ్ల కిందటి టీవీ, ప్రింటరు, చవకరకం స్మార్ట్ బల్బు దీనిలో చేరలేవు. అందుకని రౌటర్లలో రెండూ కలిసిన మిశ్రమ పద్ధతి ఇస్తున్నారు. అందులో పాత పద్ధతిలో చేరే ఫోన్ ఒక్కటి ఉన్నా దాని సందేశాలు రికార్డు చేసి పాస్‌వర్డు వెతకవచ్చు. కాబట్టి మిశ్రమ పద్ధతిలో కూడా పొడవాటి పాస్‌వర్డు తప్పదు.

పేరుకే రక్షణలు

వైఫై పేరు దాచేయమని, మ్యాక్ అడ్రస్ వడపోత పెట్టమని సలహాలు ఇరవై ఏళ్లుగా వినిపిస్తున్నాయి. పేరు దాచడమంటే గుమ్మం మీది పేరు పలక తీసేసి వరండా లైటు వేసి ఉంచడమే. రౌటర్ సంకేతాలు గాలిలో ఉంటూనే ఉంటాయి. ఎవరైనా చేరినప్పుడల్లా పేరు కూడా పలుకుతుంది. పైగా అలాంటి వైఫై అలవాటైన ఫోన్, బజారులో తిరిగేటప్పుడు కూడా ‘ఫలానా పేరు ఉందా’ అని అడుగుతూ పోతుంది. మ్యాక్ అడ్రస్ ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య. అది ఎన్‌క్రిప్ట్ కాకుండా గాలిలో వెళ్తుంది, దాన్ని విని నకలు చేసుకోవడం తేలిక. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 వచ్చాక ఫోన్లే మారు మ్యాక్ అడ్రస్ వాడుతున్నాయి. దాంతో ఈ వడపోత వల్ల ఇబ్బంది పడేది దొంగలు కాదు, ఇంటివాళ్లే. ఈ రెండిటికీ పెట్టే సమయం వృథా.

రౌటర్ సంగతి

వైఫై పాస్‌వర్డు వేరు, రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డు వేరు. రెండోది ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. బ్రౌజర్లో 192.168.1.1 అనో 192.168.0.1 అనో కొడితే లాగిన్ పేజీ వస్తుంది. యూజర్ పేరూ పాస్‌వర్డూ రెండూ ‘అడ్మిన్’ అని కొడితే తెరుచుకునే పెట్టెలు ఇంకా బోలెడు. ఇంట్లో వైఫై వాడే ఎవరైనా, చుట్టంగా వచ్చిన పదో తరగతి కుర్రవాడైనా అక్కడికి వెళ్లగలడు.

దాని పర్యవసానం ఎలా ఉంటుందో బ్రెజిల్ చూసింది. 2011, 2012లో అక్కడ 45 లక్షల మోడెముల్లో దుండగులు, వెబ్‌సైటు పేరును దాని చిరునామాగా మార్చే డీఎన్ఎస్ సెట్టింగు మార్చేశారు. బ్యాంకు వెబ్‌సైటు పేరు సరిగ్గానే కొట్టినా నకిలీ పేజీ తెరుచుకునేది. 2016లో మిరాయ్ అనే దుష్ట సాఫ్ట్‌వేరు, కంపెనీ పెట్టిన అరవై పైచిలుకు యూజర్ పేరు, పాస్‌వర్డు జంటలను ప్రయత్నిస్తూ లక్షల కెమెరాలనూ రౌటర్లనూ లోబరుచుకుంది. అక్టోబరు 21న డీఎన్ఎస్ సేవలందించే డైన్ అనే సంస్థపై వాటితో దాడి చేస్తే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ సహా ఎన్నో సైట్లు గంటల తరబడి అందలేదు. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మరో దుష్ట సాఫ్ట్‌వేరు 54 దేశాల్లో ఐదు లక్షల పరికరాలను పట్టుకుంది. ఇళ్లలోనూ చిన్న ఆఫీసుల్లోనూ ఉన్న రౌటర్లను ఒకసారి ఆపి మళ్లీ వేయమని అమెరికా ఎఫ్‌బీఐ ప్రజలను కోరింది. బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి, అన్ని పెట్టెలకూ ఒకే తేలికపాటి పాస్‌వర్డు పెట్టి అమ్మడాన్ని చట్టంతో నిషేధించింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చాలా ఇళ్లకు నెట్ స్థానిక కేబుల్ ఆపరేటర్ ద్వారానే వస్తుంది. ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్లు కూడా ఇళ్లకు చేరేది ఆ దారినే. ఫైబర్ పెట్టెలో కొన్ని సెట్టింగులు నెట్ వాళ్ల చేతిలో ఉంటాయి, దూరం నుంచే మార్చగలరు. వాళ్లకు అది అవసరం కూడా. అడ్మిన్ పాస్‌వర్డు మార్చాలంటే వాళ్లను అడిగి, తమ ముందే మార్పించుకోవాలి. కుదరదంటే ఆ పెట్టెకు తమ సొంత రౌటర్ తగిలించుకుని, పెట్టెలోని వైఫైని ఆపించడం ఒక మార్గం. దూరం నుంచి లాగిన్ అయ్యే సౌకర్యం, ఇంట్లో పరికరాలు తమంతట తామే బయటికి దారి తెరుచుకునే యూపీఎన్‌పీ అవసరం లేకపోతే ఆపేయాలి. రౌటర్ లోపలి సాఫ్ట్‌వేరుకు (ఫర్మ్‌వేర్) అప్‌డేట్ తనంతట తాను వచ్చేలా పెట్టుకోవాలి.

చేతులు మారే పాస్‌వర్డు

పిలవని అతిథి ఎక్కువసార్లు పిలిచినవాళ్ల వెంటే వస్తాడు. పరీక్షలని పక్కింటి అబ్బాయికి ఒకసారి ఇచ్చిన పాస్‌వర్డు వాళ్లింట్లో ఐదు ఫోన్లలోకీ టీవీలోకీ పాకుతుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, చేరిన ఏ ఫోన్ అయినా వైఫై పాస్‌వర్డును క్యూఆర్ కోడ్‌గా చూపించగలదు. ఆ కోడ్‌లో పాస్‌వర్డు ఏ ముసుగూ లేకుండా ఉంటుంది. ఉచిత వైఫై వెతికిపెడతామనే యాప్‌లు కొన్ని, వాడుతున్నవాళ్ల ఫోన్‌లోని పాస్‌వర్డులను అందరి కోసం పైకి పంపేస్తాయి. ఖాళీ చేసి వెళ్లిన అద్దెవాళ్లు, మానేసిన ట్యూషన్ పిల్లలు, నెల కిందట ఏసీ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ అందరి ఫోన్లలోనూ అది ఉండిపోతుంది.

పాస్‌వర్డు మారిస్తే టీవీ, కెమెరా, ప్రింటరు, అత్తగారి టాబ్లెట్ అన్నీ మళ్లీ కలపాలి. అందుకే ఎవరూ మార్చరు. దీనికి విరుగుడు గెస్ట్ నెట్‌వర్క్. ఇప్పుడొచ్చే రౌటర్లలో చాలావాటికి ఈ సౌకర్యం ఉంది. వేరే పేరు, వేరే పాస్‌వర్డు. అందులో చేరినవాళ్లకు నెట్ వస్తుంది గాని ఇంటి కంప్యూటర్లూ కెమెరాలూ కనిపించవు. వచ్చినవాళ్లకు అదే ఇచ్చి, పండగ వెళ్లాక దాని పాస్‌వర్డు ఒక్కటి మార్చుకుంటే చాలు. ఇవ్వనని మొహం మీద చెప్పలేని మన మొహమాటానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. చవకరకం స్మార్ట్ బల్బులనూ ప్లగ్గులనూ కూడా అందులోనే పెట్టడం మేలు.

ఎవరైనా ఉన్నారా అన్నది రౌటర్ పేజీలో చేరిన పరికరాల జాబితా చూసి తెలుసుకోవచ్చు. అక్కడ కనిపించే ప్రతి కొత్త పేరూ దొంగ కాదు. ‘ఎస్ప్రెసిఫ్’ అని కనిపిస్తే అది చాలావరకు స్మార్ట్ బల్బు లోపలి చిప్పు తయారుచేసే కంపెనీ పేరు. తెలియని మ్యాక్ అడ్రస్, మారు సంఖ్య వేసుకున్న సొంత ఫోనే కావచ్చు. ఇంట్లో ఒక్కొక్క పరికరం ఆపుకుంటూ ఏ వరుస మాయమవుతుందో చూస్తే తేలిపోతుంది. నెట్ నెమ్మదించినంత మాత్రాన పక్కింటివాళ్లను అనుమానించకూడదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డు రాని ఛానెళ్లు 1, 6, 11 మూడే. ఇరవై ఫ్లాట్ల రౌటర్లు ఆ మూడింటి కోసం తోసుకుంటుంటే ఏ చొరబాటూ లేకుండానే వేగం పడిపోతుంది.

చట్టం

అనుమతి లేకుండా ఒకరి కంప్యూటర్ నెట్‌వర్క్‌లోకి ప్రవేశించడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. నష్టపరిహారం కట్టాలి. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మరొకరి పాస్‌వర్డును మోసపూరితంగా వాడితే 66సి కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. బ్రిటన్‌లో 2005లోనే, కారులో కూర్చుని ఎవరిదో వైఫై వాడుకున్న వ్యక్తికి 500 పౌండ్ల జరిమానా పడింది. జర్మనీ మరో వైపు నుంచి వచ్చింది. సెలవుల్లో ఊళ్లో లేని యజమాని వైఫై నుంచి ఎవరో పాట పంచిన కేసులో, కంపెనీ పెట్టిన పాస్‌వర్డును మార్చుకోకపోవడం యజమాని తప్పేనని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2010 మే 12న తీర్పు చెప్పింది. యజమానుల మీద ఆ భారాన్ని 2017లో చట్టం మార్చి తగ్గించారు.

తమ వైఫైని ఎవరో నేరానికి వాడారని అనుమానం వస్తే దగ్గరి పోలీసు స్టేషన్‌లో గాని, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గాని ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు పోయినట్టయితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఫిర్యాదుకు ముందు కంగారులో రౌటర్‌ను రీసెట్ చేయకూడదు, స్విచ్ కూడా ఆపకూడదు. చేరిన పరికరాల జాబితానూ లాగ్ పేజీనీ ముందు ఫొటోలు తీసుకోవాలి. ఇళ్లలో వాడే చాలా రౌటర్లు ఆ వివరాలను కరెంటు ఉన్నంతసేపే నిలుపుకుంటాయి.